బేస్‌బాల్ చేతితొడుగు



నేడు నేను చెప్పబోవునది ఒక తోలువస్తువును గూర్చి. అది మన దేశపు వస్తువు కాదు. మన యూళ్ళలో దానిని కన్నవారు మిక్కిలి తక్కువ. అమెరికా సంయుక్త రాష్ట్రములలో బేస్‌బాల్ అను బంతియాట కలదు. ఆ యాటలో బంతిని పట్టుటకై ఆటగాడు ఒక చేతికి తొడిగికొను తోలుతొడుగే నేటి ప్రసంగమునకు విషయము. ఇంగ్లీషున దానిని గ్లవ్ అందురు.

ఒక చేతితొడుగును గూర్చి ఇంతసేపు చెప్పవలసిన దేమున్నదని మీకు తోచవచ్చును. ఆ దేశమున ముదుసలులు తమ చిన్ననాటి తొడుగును నలువది ఏబది యేండ్లు అటకమీద భద్రపఱచి, మనుమని చేతి కిచ్చునపుడు కంట తడిపెట్టుదురు. కాని పుట్టిననాడు అది సిగ్గుపడదగిన వస్తువుగా పుట్టినది. దానిని ధరించినవాడు పదిమంది కంట బడకుండ దాచుకొనెను. సిగ్గుతో దాచిన వస్తువు ప్రేమతో దాచు వస్తువుగా ఎట్లు మారెనో, ఆ కథ వినదగినది.

ముందుగా ఆట సంగతి రెండు మాటలలో చెప్పెదను. మన పిల్లలాడు క్రికెట్టును మీరందఱు చూచియే యుందురు. బేస్‌బాల్ దానికి జ్ఞాతివంటిది. ఒక్కొక్క పక్షమున తొమ్మండుగురు. 90 అడుగుల భుజములు గల చదరమునకు నాలుగు మూలల నాలుగు స్థానము లుండును, వానిని బేసులందురు. పిచ్చరనువాడు బంతి విసరును. ఎదుటి పక్షమువాడు గుండ్రని కఱ్ఱతో దానిని కొట్టి, ఆ స్థానములను చుట్టివచ్చుటకు పరుగెత్తును. బంతి నేల తాకకమునుపే పట్టుకొన్నచో కొట్టినవాడు వెడలవలెను. కొట్టువాని వెనుక కూర్చుండి, తప్పిపోయిన బంతిని పట్టువాడు క్యాచరు. మన వికెట్‌కీపరు వంటివాడు. బంతి చూచుటకు చిన్నది. చుట్టుకొలత 9 అంగుళములు, తూకము 5 ఔన్సులు, అనగా మన పాత లెక్కన పండ్రెండు తులములకు కొంచెము పైమాట. లోపల దారము బిగించి చుట్టి, పైన తోలు కుట్టుటచేత అది ఱాయివలె గట్టిగా నుండును. నేటి మేటి పిచ్చర్లు దానిని గంటకు 90 మైళ్ళకు మించిన వేగముతో విసరుదురు. క్రికెట్టులో నేటికిని వికెట్‌కీపరు తప్ప మఱి యే క్షేత్రరక్షకుడును తొడుగు ధరింపరాదను నియమ మున్నది కదా. బేస్‌బాల్ ఆటలో తొలుత క్యాచరుకుకూడ తొడుగు లేదు. అందఱివియు వట్టిచేతులే.

న్యూయార్కు నగరమున నికర్‌బాకర్ అను క్రీడాసంఘమువారు 1845లో ఈ యాటకు నియమములు వ్రాసికొనిరి. బంతి ఒక్కసారి నేల తాకి యెగిరిన పిమ్మట పట్టినను, కొట్టినవాడు వెడలవలసినదే యని అందు గలదు. చేతులకు అది కొంత యూరట. కొందఱికి మాత్రము ఇది పిల్లచేష్టగా తోచినది. నేల తాకి నెమ్మదించిన బంతిని ఎవడైనను పట్టును, గాలిలో పట్టినవాడే మగవాడని వారు వాదించిరి. ఏండ్ల తరబడి సాగిన ఆ వాదమే గెలిచి, 1864 డిసెంబరులో, హద్దు లోపల కొట్టిన బంతిని గాలిలో పట్టిననే పట్టని నియమము మార్చుకొనిరి. నాటినుండి వ్రేళ్ళు విఱుగుట సామాన్యమైనది. పాత క్యాచర్ల చేతులను చూచిన వారు, వంకరపోయిన వ్రేళ్ళనుబట్టియే వారి వృత్తిని పోల్చెడివారు. నొప్పి యని నోరు తెఱచినవానికి ఆటలో మర్యాద లేదు.

ఇట్టి కాలమున తొడుగు ప్రవేశించినది. 1869లో సిన్సినాటి నగరపు రెడ్ స్టాకింగ్స్ జట్టువారు ఆటగాండ్రందఱికిని బహిరంగముగా జీతములిచ్చి ఆడించిరి. ఆట జీవనోపాధి యైన పిమ్మట చేయి చెడినచో కూడు చెడును. ఆ జట్టు క్యాచరు డగ్ అల్లిసన్ 1870లో, చేతులు కాపాడుకొనుటకై జింకతోలు తొడుగులతో ఆడెనని అప్పటి పత్రికలో వ్రాయబడినది. ఆయన ఒక్కడు తొడిగినంతమాత్రమున ఆచారము కాలేదు. ఆ యేటికాయేడు మఱచిరి.

అయిదేండ్లకు జరిగిన సంగతి ఆల్బర్ట్ స్పాల్డింగ్ అను గొప్ప ఆటగాడు 1911లో ప్రకటించిన తన గ్రంథమున చెప్పినాడు. 1875లో సెయింట్ లూయిస్ జట్టువాడు చార్లెస్ వెయిట్ మొదటి బేసు వద్ద నిలిచి ఆడుచుండెను. ఆ స్థానమున నిలిచినవాని చేతికి బంతులు ఎడతెఱపి లేక వచ్చుచుండును. బోస్టన్ పక్షమున నున్న స్పాల్డింగ్ చూచుచుండగా, వెయిట్ చేతిమీద ఏదియో యున్నట్లు తోచినది. దగ్గఱకు పోయి చూచిన అది పలుచని తోలుతొడుగు. దాని రంగు మనుష్యుని చర్మపు రంగు. దూరమునుండి చూచువారికి వట్టిచేయి వలెనే కనబడును. గాలి ఆడుటకై వెనుకభాగమున తెఱపి యుంచినాడు. ఇది యేమని స్పాల్డింగ్ అడుగగా వెయిట్ తనకు సిగ్గుగానే యున్నదని యొప్పుకొని, ఎవరి కంటను పడకుండుటకే ఆ రంగు ఎన్నుకొంటినని చెప్పెనట. నాకు ఈ కథలో మనసు పట్టిన మాట ఆ రంగును గూర్చినదే. నొప్పి భరింపలేకపోవుట కంటె, నొప్పి యున్నదని లోకమునకు తెలియుటయే ఆతనికి పెద్ద బాధ. మగతన మనుదానికి మనుష్యులు చెల్లించు సుంకము లన్ని దేశములలోను ఇట్టివే.

స్పాల్డింగ్ అప్పుడు పిచ్చరు. ఆయన చేతులకును నొప్పి తెలియును. కాని తానును తొడుగుటకు ఇంకను రెండేండ్లు పట్టినది. 1877లో షికాగో జట్టు పక్షమున మొదటి బేసునకు మాఱినపుడు తొడుగు తెచ్చుకొనెను. ఆయన తెచ్చుకొన్నది చర్మపు రంగుది కాదు. నల్లనిది, మైదానమంతకు కనబడునది. బంతి గట్టిగా తగిలిన చోట్ల లోపల ఒక్కొక్క మెత్త చేర్చుచు వచ్చెను. తాను పేరుమోసిన వాడగుటచేత జనులు నవ్వుటకు మాఱుగా జాలి చూపిరని ఆయనయే చెప్పుకొన్నాడు. పేరులేని వెయిట్ తొడిగిననాడు సిగ్గు, పేరుగల స్పాల్డింగ్ తొడిగిననాడు ముచ్చట. ఇందు మఱియొక రహస్యమును కలదు. స్పాల్డింగ్ 1876లోనే షికాగోలో క్రీడాసామగ్రి అంగడి తెఱచియుండెను. ఆయన చేతినొప్పి నిజమే, అంగడియు నిజమే. ఆ రెండింటిని వేఱుచేసి చూచుట మన తరము కాదు.

మన యితిహాసములలోని విలుకాండ్రకు ఇట్టి సిగ్గు లేదు. అల్లెత్రాటి దెబ్బ తగులకుండ చేతికి కట్టుకొను తోలుపట్టెకు గోధ యనియు తలమనియు పేళ్ళు. అమరకోశమున క్షత్రియవర్గము చదివినవారికి జ్ఞప్తి యుండును. గోధ యనగా ఉడుము. విశ్వామిత్రుని వెంట యాగరక్షణమునకు బయలుదేరినపుడు రామలక్ష్మణులు గోధాంగుళిత్రాణములు కట్టుకొనియే పోయిరని వాల్మీకి వర్ణించినాడు. వారి పరాక్రమమునకు దానివలన కొఱత కలిగినదని యెవరును తలంపలేదు. ఆయుధము పట్టు చేయి రేపును ఆయుధము పట్టవలెను గదా. అమెరికావారికి ఈ మాట బోధపడుటకు మఱి యిరువది యేండ్లు పట్టినది.

ఆ యిరువది యేండ్లలో తొడుగులు రెండు తెఱగు లయ్యెను. క్యాచరులది వ్రేళ్ళు వేఱుగా లేక, గుండ్రని దిండువలె నుండును. దానిని మిట్టు అందురు. హ్యారీ డెకర్ అను క్యాచరు 1889లో అట్టిదానికి పేటెంటు హక్కు పొందెను. కొంతకాలము జనులు ఆ వస్తువునే డెకరని పిలిచిరి. తక్కినవారిది అయిదు వ్రేళ్ళ తొడుగు. తొడుగులు నానాటికి పెరుగుచుండుట చూచి, క్యాచరును మొదటి బేసువాడును తప్ప తక్కినవారి తొడుగు 10 ఔన్సుల తూకమును 14 అంగుళముల చుట్టుకొలతయు మీఱరాదని 1895లో హద్దు కట్టిరి. అనగా అప్పటికి తొడుగు నేరము కాదు. దాని కొలతయే వివాదము.

అయినను పట్టు విడువనివారు కొందఱుండిరి. సిన్సినాటి జట్టులో రెండవ బేసు కాచు బిడ్ మెక్‌ఫీ అందు ముఖ్యుడు. 1882 మొదలు వట్టిచేతులతోనే ఆడెను. తక్కినవారందఱు తొడుగులు తొడిగిన పిమ్మటను ఆయన తొడుగలేదు. ఉప్పునీటిలో చేతులు నానబెట్టి గట్టిపఱచుకొనెడివాడని చెప్పుదురు. మన కుస్తీగోదాలలో ఇట్టి పట్టుదల గల వస్తాదులను మనము చూచినవారమే. 1896లో వ్రేలికి గాయము కాగా ఆయనయు తొడుగు తొడిగెను. ఆ యేడు ఆయన చూపిన నేర్పు, అంతవఱకు ఆ స్థానమున ఎవరును చూపనిది. లెక్కలు దానికి సాక్ష్యము. అంతకు ముందటి పదునాలుగేండ్లలో ఎన్ని బంతులు ఆ చేతులనుండి జాఱినవో ఆయన లోలోపల తలపోసికొనెనా యని నాకు సందేహము. 2000 సంవత్సరమున ఆయనను బేస్‌బాల్ కీర్తిమందిరమున చేర్చుకొనిరి. అప్పటికి ఆయన గతించి యేబది యేండ్లు దాటినది.

ఇంతవఱకు తొడుగు కవచము మాత్రమే. దెబ్బ తగులకుండ కాచును, అంతే. బంతిని పట్టవలసినది వ్రేళ్ళే. దానిని పనిముట్టుగా మార్చినవాడు సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులోని పిచ్చరు బిల్ డోక్. ఆ నగరముననే 1887లో స్థాపింపబడిన రాలింగ్స్ అను క్రీడాసామగ్రి సంస్థ యుండెను. ఆయన వారి కడకు పోయి ఒక సూచన చేసెను. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ అప్పటివఱకు ఒకటి రెండు తోలుపట్టెలు మాత్రమే యుండెడివి. అచ్చట తోలుత్రాళ్ళతో చిన్న వల అల్లి, దాని క్రింద అరచేతిలో దొప్పవంటి గుంట యేర్పఱుపుడని ఆయన చెప్పినాడు. 1920లో అట్టి తొడుగు అమ్మకమునకు వచ్చెను; 1922లో పేటెంటు లభించెను. ముప్పది యేండ్లకు పైగా ఆ నమూనా అమ్ముడుపోయినది. చూచుటకు స్వల్పమైన మార్పు. కాని దానితో బంతి అరచేతిని కొట్టుటకు మాఱుగా వలలో పడి నిలువసాగెను. ఉట్టిలో కుండ నిలిచినట్లు నిలిచెను. డోక్ విసరిన బంతులను నేడు తలచువారు తక్కువ. బొటనవ్రేలి ప్రక్కన ఆయన యల్లిన వల మాత్రము, ఆకారములు మారినను, ప్రతి తొడుగునందును కలదు.

పిమ్మట వచ్చిన మార్పులను వేగముగా దాటిపోయెదను. రాలింగ్స్ వారి కడ హ్యారీ లాటినా అను పనివాడు 1922 మొదలు దాదాపు నలువదియేండ్లు తొడుగు రూపమును దిద్దుచునే యుండెను. ఆయనను తొడుగుల వైద్యుడని పిలిచిరి. 1957లో విల్సన్ సంస్థవారు ఏ2000 అను తొడుగు తెచ్చిరి. అది పుస్తకము మూసినట్లు నడుమకు మడిగి బంతిని బంధించును. ఆ పేరితో నేటికిని తొడుగులు వచ్చుచున్నవి.

తయారు చేయు విధము చెప్పదగినది. మంచి తొడుగులకు ఎక్కువగా కోడెల తోలు వాడుదురు. ముక్కలు కత్తిరించి, తొడుగును లోపలివైపు వెలికి వచ్చునట్లు కుట్టి, పిదప ఒక్కొక్క వ్రేలినే వెలికి త్రిప్పుదురు; మన దర్జీలు చొక్కా చేతులు కుట్టి త్రిప్పినట్లే, కాని ఇచ్చట గుడ్డ కాదు, మందపు తోలు. తరువాత వేడిచేసిన లోహపు చేతిబొమ్మకు తొడిగి ముడుతలు తీర్చుదురు. చివర పచ్చితోలు త్రాటితో చేతనే అల్లుదురు. యంత్రములు చాల వచ్చినను ఈ యల్లిక మనుష్యుని వ్రేళ్ళనే కోరుచున్నది. 1960 ప్రాంతమునుండి ఈ పని చాలవఱకు అమెరికా దాటి జపానునకును, పిదప ఫిలిప్పీన్సు, చైనా, వియత్నాం దేశములకును పోయినది. టెక్సస్ రాష్ట్రమున నొకోనా యను చిన్నయూరివారు మాత్రము పని విడువలేదు. 1934లో, లోకమంతట వ్యాపారములు క్రుంగినపుడు, అచ్చటి తోలుపనివారు బ్రతుకుతెరువునకై తొడుగులు కుట్ట నారంభించిరి. 2006లో వారి కర్మాగారము కాలిపోయినది. మరల నిలబెట్టుకొని కుట్టుచున్నారు.

ఒక్క మాట ఇచ్చట చెప్పక తప్పదు. తొడుగు అరచేతిలో ఒక పేరు ముద్రించి యుండును. అది పేరుమోసిన ఆటగాని సంతకము. దానిని చూచియే పిల్లలు కొందురు. కుట్టినవాని పేరు ఎచ్చటను లేదు. మనమును ఈ విషయమున తలయెత్తుకొని మాటాడ తగినవారము కాము. చెప్పులు కుట్టి, కపిలబానలు కుట్టి, ఎద్దులకు పలుపులు పేని, మన సేద్యమును నడపిన చేతులను మన వీథి చివర నిలిపితిమి. వారు కుట్టిన చెప్పులు మన యరుగుదాక వచ్చినవి, వారు రాలేదు. పేరు ముద్రింపకపోవుట ఒక తప్పు. మనిషినే నిలిపివేయుట మఱింత పెద్దది.

ఇక ప్రేమ సంగతి. అంగటిలో కొన్న తొడుగు అట్టవలె బిఱుసుగా నుండును, మూయరాదు, తెఱవరాదు. దానిని మచ్చిక చేసికొనవలెను. ఒహాయో రాష్ట్రమున నున్న మా కుమార్తె యింట నేను మూడు నెలలుండగా, పదునొకండేండ్ల మా మనుమడు ఆ పనిలో నుండెను. ముందు గుడ్డతో నూనె రాచెను. పశువుల కాళ్ళ యెముకలనుండి తీయు నూనె యొకటి అచ్చట ఇందులకే అమ్ముదురు. గుంటలో బంతి నుంచి, తొడుగును మూసి, పాత నడికట్టుతో బిగించి పఱుపు క్రింద పెట్టి, దానిమీదనే పండుకొనెను. ఉదయమున లేచి పిడికిలితో గుంటను గ్రుద్దెను. ఇట్లు నెలదాక సాగినది. మఱియొక తొడుగు మెత్తనిది కొనరాదా యని నేనడుగగా, వాడు తనకు వచ్చిన తెలుగులో, "తాతయ్యా, దీనికింకా నా చెయ్యి తెలియదు" అనెను.

ఆ మాట విన్నపుడు నాకు మన కిఱ్ఱుచెప్పులు జ్ఞాపకము వచ్చినవి. మీకును జ్ఞాపక ముండును. తొడిగిన తొలిదినములలో మడమ ఒరసి బొబ్బలెక్కును. ఆముదము పట్టించి, ఎండ తగులనీయక దాచి, పదిదినములు ఓర్చినగాని చెప్పు కాలిమాట వినదు. విన్న తరువాత అది మఱియొకరి కాలికి పనికిరాదు. తొడుగును అంతే. లోపలి తోలు చెమటకు నల్లబడి, అయిదు వ్రేళ్ళకును అయిదు పల్లములు పడును. ఇంకొకని తొడుగులో చేయి పెట్టినచో, చూపు లేకయే ఇది నాది కాదని చేయి చెప్పును. రూకలిచ్చి తోలు కొనవచ్చును గాని ఆ పల్లములు కొనరావు. అవి కాలముచేతనే పడవలెను. పైగా ఆ కాలము ఒంటరిగా గడపినది కాదు. ఎవరో యెదుట నిలిచి బంతి విసరినగాని తొడుగు మచ్చిక కాదు. సాయంకాలము పని ముగించి వచ్చిన తండ్రి పెరటిలో కొడుకుతో బంతి విసరుకొనుట అచ్చటి సంసారములలో ఒక నిత్యకృత్యము. మాట లెక్కువ యుండవు. బంతి పోవును, వచ్చును. తొడుగు వాసన తగిలినంతనే నడివయసు వారికి తండ్రి జ్ఞప్తికి వచ్చుట ఇందువలననే.

పెద్దల యాటలోకూడ ఒక విచిత్రమైన యాచార ముండెడిది. ఒక పక్షము కొట్టుటకు పోవునపుడు, తమ తొడుగులను వెంట గొనిపోక మైదానముననే గడ్డిమీద వదలి పోయెడివారు. మన కూలీలు గట్టుమీద కొడవండ్లు వదలి అంబలి త్రాగబోయినట్లు. ఎదుటి పక్షమువారు వాని నడుమనే ఆడుచుండిరి. తొక్కెడివారు లేరు, దొంగిలెడివారు లేరు. 1954లో నియమము చేసి ఈ యలవాటును మాన్పిరి. నియమము సరియైనదే, పరుగెత్తువాని కాలికి తగులవచ్చును. నాకు మాత్రము ఆ గడ్డిమీది తొడుగుల దృశ్యమే యిష్టము.

1951లో వెలువడిన 'ది క్యాచర్ ఇన్ ది రై' అను జె. డి. సాలింజర్ నవలలో ఒక తొడుగు కలదు. కథ చెప్పు బాలుని తమ్ముడు చిన్నవయసుననే జబ్బుచేసి మరణించినాడు. వానికి ఎడమచేతివాటము. తన తొడుగు వ్రేళ్ళమీదను గుంటలోను ఆకుపచ్చ సిరాతో పద్యములు వ్రాసికొనెడివాడు. బంతి రాని సమయమున మైదానమున నిలిచి చదువుకొనుటకట. అన్న ఆ తొడుగును పోయినచోటికెల్ల పెట్టెలో కొనిపోవును. పద్యము తాటాకుమీద వ్రాసిన జాతివారము మనము. తోలుమీద వ్రాసిన ఆ పిల్లవానిని నేను మఱువలేకున్నాను.

కల్పిత కథ విడిచి, జరిగిన కథ యొకటి చెప్పెదను. రెండవ ప్రపంచయుద్ధమున జపానుతో వైరము వచ్చినపుడు, అమెరికా ప్రభుత్వము 1942లో తన పశ్చిమతీరమున నున్న జపానుజాతివారిని ఇండ్లనుండి వెడలించి నిర్బంధ శిబిరములలో పెట్టినది. వారు దాదాపు 1,20,000 మంది. అందు పెక్కురు ఆ దేశముననే పుట్టిన పౌరులు. శాన్ హోసే పట్టణమున పదేండ్ల నార్మన్ మినేటా తల్లిదండ్రులతో రైలెక్కవలసి వచ్చెను. చేత మోయగలిగినవి మాత్రమే కొనిపోవచ్చునని ఆజ్ఞ. ఆ బాలుడు బంతిని, తొడుగును, కఱ్ఱను తీసికొనెను. రైలువద్ద సైనికులు కఱ్ఱను లాగికొనిరి; అది ఆయుధము కావచ్చునట. తొడుగును బంతిని విడిచిపెట్టిరి.

ఆ బాలుని కుటుంబము వయోమింగ్ రాష్ట్రమున హార్ట్ మౌంటెన్ శిబిరమునకు చేరినది. ఇట్టి శిబిరములలో ముండ్లకంచె నడుమ పెద్దలు నేల చదునుచేసి బేస్‌బాల్ మైదానములు కట్టుకొనిరి. తమ్ము బంధించిన దేశపు ఆటనే వారాడిరి. మినేటా పెద్దవాడై శాన్ హోసే నగరమునకు మేయరయ్యెను, పిదప అమెరికా కాంగ్రెసులో సభ్యుడయ్యెను. నాటి యన్యాయమునకు ప్రభుత్వము క్షమాపణ చెప్పి, జీవించియున్న ప్రతివానికిని 20,000 డాలర్లు చెల్లించునట్లు 1988లో చట్టము చేయించుటలో ఆయన ముందు నిలిచెను. తరువాత మంత్రిపదవియు వహించి 2022లో కాలధర్మము చెందెను. కఱ్ఱ కొట్టునది, తొడుగు పట్టునది. ఆ రైలువద్ద సైనికుడు చేసిన విభజనలో ఒక తర్కము లేకపోలేదు.

జిమ్ అబ్బట్ కథతో ముగించెదను. ఆయన 1967లో మిచిగన్ రాష్ట్రమున కుడిచేయి హస్తము లేకుండ పుట్టెను. ఉన్నది ఎడమచేయి ఒక్కటి. విసరవలసినది దానితోనే, పట్టవలసినదియు దానితోనే. చిన్నతనమున ఇంటి గోడకు బంతి కొట్టుచు ఒక విద్య నేర్చుకొనెను. విసరునపుడు తొడుగును కుడిచేతి మొదటికి ఆనించి నిలుపును. బంతి చేయి విడిచిన మఱునిమేషమున ఎడమచేతిని ఆ తొడుగులోనికి దూర్చి బంతికి సిద్ధమగును. పట్టిన పిమ్మట తొడుగును చంకలో నొక్కి, బంతి తీసి మరల విసరును. చెప్పుటకు ఇంతసేపు పట్టినది. ఆయన ఱెప్పపాటులో చేసెడివాడు. 1993 సెప్టెంబరు 4న న్యూయార్కు యాంకీస్ పక్షమున ఆడి, క్లీవ్‌లాండ్ జట్టువారిలో ఒక్కనికైనను సరియైన దెబ్బ దక్కకుండ ఆట ముగించెను. ఇట్టి ఆట పెక్కుమంది గొప్ప పిచ్చర్లకు జీవితమున ఒక్కసారియైనను దొరకదు. నొప్పి దాచుకొనుటకు చర్మపు రంగు తొడుగు వెదకికొన్న వెయిట్ నాటినుండి లెక్కించిన, అప్పటికి 118 యేండ్లు.

పాతబడిన తొడుగునకు మొదట తెగునది త్రాడు. అచ్చటి పట్టణములలో తొడుగులు మరమ్మతు చేయువారు కొందఱున్నారు. త్రాళ్ళు తీసి క్రొత్తవి యల్లుదురు, ఎండిన తోలునకు నూనె పట్టింతురు, చిరిగిన అంచులు కుట్టుదురు. తండ్రి తొడుగును బాగుచేయింప తెచ్చినవాడు లోపలి తోలును మాత్రము మార్పింపడు. ఆ పల్లములు అందులోనే యున్నవి.